ఫుల్ ట్యాంక్ కొట్టిస్తేనే వచ్చే పెట్రోల్ వాసన: ఒక టీ25 క్యాంపర్‌వ్యాన్ కేసు

బండి 1986 నాటి ఫోక్స్‌వ్యాగన్ టీ25. బ్రిటన్‌లో దీన్ని టీ25 అంటారు, మిగతా యూరప్‌లో టీ3, అమెరికాలో వ్యానగన్, మూడూ ఒకటే బండి. ఇంజన్ వెనక ఉంటుంది. ఇందులో ఉన్నది 1.9 లీటర్ల వాటర్ కూల్డ్, కార్బ్యురేటర్‌తో వచ్చే, డీజీ అనే కోడ్ ఉన్న ఇంజన్. లోపల మడిచే మంచం, గ్యాస్ స్టవ్, కరెంటు మీదా గ్యాస్ మీదా నడిచే చిన్న ఫ్రిజ్. ఓనర్లు ఖమ్మం వైపు నుంచి వచ్చి ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్న కుటుంబం, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్, ఇద్దరు చిన్న పిల్లలు. ఫిర్యాదు సూటిగా చెప్పాలంటే బండిలో పెట్రోల్ వాసన. వేల్స్ బయల్దేరి, పిల్లలకి తలనొప్పి వచ్చి, కిటికీలన్నీ దించుకుని చలికి వణుకుతూ సగం దారిలోంచి వెనక్కి వచ్చేశారు.

నా దగ్గరికి వచ్చేసరికే రెండు చోట్ల చూపించారు. ఒక గ్యారేజీలో ఇంజన్ దగ్గరున్న ఫ్యూయల్ హోసులన్నీ మార్చారు. ఇంకో చోట పెట్రోల్ మూత కొత్తది వేశారు. ఏటా చేయించాల్సిన ఎంఓటీ పరీక్ష కూడా పాసైంది. వాసన మాత్రం పోలేదు. మూత మార్చాక ఇంకా ఎక్కువైంది అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

బండి చూడకముందే ఫోన్‌లో చెప్పిన మాట ఒకటుంది. గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయండి, ఫ్రిజ్ గ్యాస్ మీద పెట్టొద్దు, అందులో ఎవరూ పడుకోవద్దు. ఆయన కొంచెం నవ్వి "వాసనే కదా అన్నా, లీకేం కనపడట్లే" అన్నాడు. వాసనే కదా అనుకోవడంలోనే ప్రమాదం ఉంది. పెట్రోల్ ద్రవం కాలదు, దాని ఆవిరి కాలుతుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. గాలిలో సుమారు 1.4 శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది కాబట్టి బ్రిటన్ చలి మనల్ని కాపాడదు. గ్యాస్ ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు దాని అడుగున ఒక చిన్న మంట వెలుగుతూనే ఉంటుంది, అంటే ఆవిరి చేరే ఎత్తులోనే. మామూలు కారులో పెట్రోల్ వాసన వస్తే అది రిపేరు పని. క్యాంపర్‌లో, పిల్లలు పడుకునే చోట, అది ముందు బండి ఆపేయాల్సిన విషయం, రిపేరు సంగతి ఆ తర్వాత. ఇది చెప్పాక ఆయన నవ్వలేదు.

ఎక్కడ నుంచి అని కాదు, ఎప్పుడు అని

పెట్రోల్ వాసన కేసుల్లో అందరూ ముక్కు పట్టుకుని బండి చుట్టూ తిరుగుతారు. దానివల్ల పెద్దగా తెలిసేదేం లేదు, ఎందుకంటే ఆవిరి పుట్టిన చోట ఉండదు, బండి నడుస్తుంటే గాలి దాన్ని ఎక్కడికో తీసుకుపోతుంది, ముక్కు కూడా రెండు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. నేను అడిగేది ఎప్పుడు వస్తోంది అని. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడా? అయితే చోక్, కార్బ్యురేటర్ వైపు చూడాలి. వేడి ఇంజన్ ఆపిన పావుగంటకా? కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోల్ ఇంజన్ వేడికి ఆవిరవుతోంది, లేదా ఫ్లోటు సూది సరిగా మూయట్లేదు. వెనక కిటికీ తెరిచి నడిపినప్పుడు మాత్రమేనా? టీ25 డబ్బా ఆకారం వల్ల నడుస్తున్నప్పుడు వెనక తలుపు దగ్గర గాలి ఒత్తిడి తగ్గుతుంది, పొగ, ఇంజన్ గది వాసన లోపలికి లాక్కుంటుంది. ట్యాంకు సగమున్నా పావున్నా ఎప్పుడూ ఒకేలా వస్తోందా? అప్పుడు ట్యాంకుకే చిల్లు పడిందా, అడుగున పెట్రోల్ బయటికెళ్లే చోట సీల్ పోయిందా అని అనుమానించాలి.

ఇవన్నీ అడుగుతుంటే ఆయన ప్రతిదానికీ "అప్పుడప్పుడు అన్నా" అంటున్నాడు. జవాబు ఆవిడ దగ్గర ఉంది. "అన్నా, పెట్రోల్ ఫుల్ కొట్టించిన రోజే వస్తది. మర్నాటికి తగ్గుతది. రౌండబౌట్‌ల తిప్పినప్పుడు గుప్పుమంటది. ఎండల నిలబెట్టినా వస్తది, మా ఇంటి ముందు రోడ్డు వంపుంటది కదా, ఆడ పెడితే ఎక్కువ." నాకు ఇంకేం కావాలి. నిండు ట్యాంకు, మలుపు, వంపు, ఎండ, ఈ నాలుగూ కలిస్తే తప్పు ట్యాంకు పైభాగంలో ఉంది. పెట్రోల్ ఆ ఎత్తుకి చేరినప్పుడే బయటపడుతుంది, ఓ పావు ట్యాంకు ఖర్చయితే మట్టం దిగి మాయమవుతుంది. ఎంఓటీ ఎలా పాసైందో కూడా దీంతోనే తెలిసిపోతుంది. పరీక్షకి వెళ్లిన రోజు ట్యాంకులో ఎంతుంది అని అడిగితే ఎర్ర గీత దగ్గరుంది అన్నాడు. పరీక్ష చేసేవాళ్లు కంటికి కనిపించే లీకు చూస్తారు, ఖాళీ ట్యాంకు పై నుంచి ఏం కారుతుంది?

ఆ ట్యాంకు కట్టుబడి

టీ25లో ట్యాంకు వెనక ఇంజన్ దగ్గర ఉండదు, ముందు ఉంటుంది, డ్రైవరు, పక్క సీటు కింద నేలకి అడుగున ఇనప పట్టీలతో వేలాడుతూ ఉంటుంది. 60 లీటర్లు పడుతుంది. బల్లపరుపుగా, వెడల్పుగా ఉన్న రేకు ట్యాంకు. పెట్రోల్ పోసే మూతి కుడి పక్కన కింద, ముందు తలుపు దగ్గర్లో ఉంటుంది, అక్కడి నుంచి ఒక గొట్టం ట్యాంకులోకి రబ్బరు సీల్ గుండా దూరుతుంది.

బ్రీదర్ పైపులు, అంటే ట్యాంకుకి గాలి ఆడే పైపులు, ఎందుకో తెలియాలంటే నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంచి చూడండి, గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది, రెండో చిల్లు పెడితే ధారగా వస్తుంది. ట్యాంకుకీ అంతే, పెట్రోల్ పోసేటప్పుడు లోపలి గాలి బయటికి పోవాలి, ఇంజన్ తాగేటప్పుడు బయటి గాలి లోపలికి రావాలి. దీనికి తోడు పెట్రోల్ వేడికి పెరుగుతుంది, డిగ్రీకి వెయ్యిలో ఒక వంతు చొప్పున అనుకోండి. బంకులో భూమి లోపలి ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 60 లీటర్లు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే లీటరుకి పైగా పెరుగుతుంది. ఆ లీటరు ఎక్కడికి పోవాలి? దానికోసమే ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు ముందు వీల్ ఆర్చ్‌ల లోపల, అంటే చక్రాల పైనుండే గూళ్లలో, రెండు వైపులా, ఒక్కో ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. ట్యాంకు రెండు చివర్ల పైనుంచి పైపులు ఈ డబ్బాల్లోకి ఎక్కుతాయి. ఒక్క వైపే ఎందుకు పెట్టలేదంటే, ట్యాంకు వెడల్పు కాబట్టి బండి ఒక వైపు వంగితే ఆ చివర పెట్రోల్‌లో మునిగిపోతుంది, అప్పుడు రెండో చివర గాలి పీల్చాలి. రెండు వైపులా కలుపుతూ అడ్డంగా ఒక పైపు, ఆఖరికి బయటి గాలికి తెరుచుకునే ఒక కొస. ఆలోచించి చేసిన డిజైన్, నాకైతే నచ్చుతుంది. కాకపోతే ఆ పైపుల మొదళ్లు, రబ్బరు సీళ్లు ట్యాంకు నెత్తి మీద, బండి నేలకి ట్యాంకుకి మధ్య వేలు దూరే సందులో ఉంటాయి, ట్యాంకు దించకుండా వాటిని చూడలేం కూడా. అందుకే ముప్పై, నలభై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోరు. చేతికి అందే హోసులు మార్చి, మూత మార్చి, బిల్లు ఇచ్చేస్తారు.

డబ్బాలున్న చోటు కూడా బాగోదు. చక్రం విసిరే రాయి, బురద, వాటితో పాటు చలికాలంలో మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు, అన్నీ ఆ గూట్లోకే చేరతాయి.

పొగ పెట్టి చూడటం

ఊహ ఎంత గట్టిదైనా ట్యాంకు దించే ముందు రుజువు కావాలి, కస్టమర్ ఇప్పటికే రెండు సార్లు డబ్బు పోసుకున్నాడు కదా. నిండు ట్యాంకుతో రమ్మన్నాను. గ్యాస్ వాల్వ్ కట్టేసి, కిటికీలు దించుకుని, పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చాడు.

మొదట గాలిలో పెట్రోల్ ఆవిరిని పసిగట్టే చేతి మీటరు పట్టుకుని వెనక ఇంజన్ గది చూశాను. శుభ్రంగా ఉంది. ముందు గ్యారేజీ వాళ్లు వేసిన హోసులు మంచివే, పని కూడా నీటుగా ఉంది, తప్పు చోట చేశారు అంతే. తర్వాత మూతి చుట్టూ, రెండు వీల్ ఆర్చ్‌లు, ముందు నేల కింద. కుడి వీల్ ఆర్చ్‌లో మీటరు అరిచేసింది, ఎడమ వైపు కొంచెం గొణిగింది. ఎండలో ఓ గంట నిలబెట్టి మూత తిప్పితే బుస్సుమని గాలి బయటికి వచ్చింది. ఇది ముఖ్యమైన గుర్తు. బ్రీదర్లు సరిగా ఉంటే ట్యాంకులో అంత ఒత్తిడి నిలవకూడదు. అంటే ఆవిరి పోవాల్సిన దారి మూసుకుంది, పోకూడని చోట్ల నుంచి పోతోంది.

ఆ తర్వాత పొగ మెషిన్. మూతికి ఒక అడాప్టరు బిగించి తక్కువ ఒత్తిడిలో పొగ పంపిస్తే లీకున్న చోట సన్నగా బయటికి వస్తుంది. ఇక్కడ రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాలి. ఒకటి, టైర్లకి గాలి పట్టే కంప్రెసర్‌ని ట్యాంకుకి తగిలించొద్దు, ట్యాంకు రేకు ఆ ఒత్తిడికి ఉబ్బిపోతుంది, లేదా బాగున్న సీల్ కూడా ఊడిపోతుంది. మెషిన్ ఇచ్చే ఒత్తిడి బార్‌లో వందో వంతుల లెక్కలో ఉంటుంది, అది చాలు. రెండోది, పెట్రోల్ ఉన్న ట్యాంకులోకి గాలితో కలిపి పొగ పంపకూడదు, నైట్రోజన్‌తో పంపాలి. గాలి కలిస్తే పేలుడు మిశ్రమాన్ని మనమే తయారు చేసినట్టు.

పొగ వచ్చిన చోట్లు: కుడి వైపు మూతి గొట్టం ట్యాంకులో దూరే చోట, ట్యాంకు నెత్తి మీద కుడి బ్రీదర్ మొదట్లో, ఎడమ వీల్ ఆర్చ్ లోపలి డబ్బా దగ్గర ఒక సన్నటి దారం. రావాల్సిన చోట, అంటే బయటి గాలికి తెరుచుకునే కొస దగ్గర, ఏమీ రాలేదు.

దించడం

ముందు ట్యాంకు ఖాళీ చేయాలి. ఇది బయట, గాలి ఆడే చోట చేశాను, బ్యాటరీ తీగ ఊడదీసి, పెట్రోల్ తోడే మెషిన్‌కి బండి బాడీకి మధ్య ఎర్త్ క్లిప్పు పెట్టి. బండి కింద పని చేయడానికి గ్యారేజీలో తవ్వే గుంత మీద ఎప్పుడూ చేయొద్దు. ఆవిరి బరువు కాబట్టి తిన్నగా గుంతలోకి దిగి అక్కడే కూర్చుంటుంది, బ్రిటన్‌లో ఇలా జరిగిన గ్యారేజీ అగ్నిప్రమాదాల వల్లే ఆరోగ్య భద్రతా శాఖ వాళ్లు ఈ ఒక్క విషయం మళ్లీ మళ్లీ చెబుతుంటారు. నేను పని నేర్చుకున్న విజయవాడ ఆటోనగర్‌లో బకెట్ పెట్టి, నోటితో పైపు పీల్చి తోడటం మామూలు, పక్కనే వెల్డింగ్ నిప్పురవ్వలు. ఏమీ కాలేదు అంటే మన అదృష్టం, పద్ధతి మంచిదని కాదు. ఇంటి దగ్గర సొంతంగా చేసుకునేవాళ్లకి ఇంకో చిక్కు, బ్రిటన్ చట్టం ప్రకారం అధికారులకి రాసి తెలపకుండా ఇంట్లో 30 లీటర్ల దాకే పెట్రోల్ నిల్వ పెట్టుకోవచ్చు, అది కూడా దానికని చేసిన డబ్బాల్లోనే, కాబట్టి నిండు ట్యాంకుతో మొదలుపెట్టకండి.

పట్టీల బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. తుప్పు వదిలే నూనె ముందు రోజే కొట్టి పెట్టి, చేత్తో పానా వేసి నెమ్మదిగా తిప్పాను. ఇక్కడ గ్యాస్ మంట, గ్రైండరు రెండూ నిషిద్ధం, బోల్టు తెగితే తెగనీ, కొత్తది దొరుకుతుంది. మూతి గొట్టం లాగేసి, జాకీ మీద చెక్క పెట్టి ట్యాంకుని మోపి, పట్టీలు వదిలి ఒక బెత్తెడు దించి ఆపాలి. ఒకేసారి దించేస్తే పైన ఇంకా పట్టుకుని ఉన్న బ్రీదర్ పైపులు, పెట్రోల్ మట్టం కొలిచే సెండర్ తీగలు లాగబడి ప్లాస్టిక్ మోచేతి ముక్కలు పుటుక్కుమంటాయి. అవి ఎలాగూ ముసలివి, ఊదితే విరిగే స్థితిలో ఉంటాయి. ఆ బెత్తెడు సందులోంచి ఒక్కొక్కటీ విప్పి, ఏది ఎటు వెళ్తోందో ఫోటోలు తీసుకుని, అప్పుడు పూర్తిగా దించాను.

పైన ఏముంది

మూతి గొట్టం సీల్ ప్లాస్టిక్ లాగా బిరుసెక్కి, ఒక పక్క అణిగిపోయి, గొట్టం చుట్టూ వదులుగా ఉంది. కుడి బ్రీదర్ మొదట్లో పైపు చుట్టూ బిగిసి ఉండే రబ్బరు రింగు, గ్రోమెట్ అంటారు, నిలువునా చీలిపోయింది. అక్కడి నుంచి డబ్బాకి ఎక్కే పైపు అసలుది కాదు, ఎప్పుడో ఎవరో వాషర్ నీళ్ల పైపు లాంటి తెల్ల పీవీసీ ట్యూబు వేశారు. అది పసుపెక్కి, గాజులా గట్టిపడి, వంపు దగ్గర పగిలింది. పీవీసీలో మెత్తదనం కోసం కలిపే పదార్థాన్ని పెట్రోల్ లాగేస్తుంది, కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఇంతే. అడ్డంగా వెళ్లే పైపు బండి నేలకి రాసుకుని ఒక చోట పలచబడింది కానీ ఇంకా తెగలేదు. ఎడమ డబ్బా మూతి మొదట్లో వెంట్రుక పగులు. ఇక బయటి గాలికి తెరుచుకునే కొస, దాన్ని విప్పి చూస్తే నిండా బురద, గట్టిగా ఎండిపోయి బిరడాలా కూర్చుంది.

ఇప్పుడు మూత సంగతి. గాలి దారి మూసుకుపోయాక ఈ బండి చాలా ఏళ్లుగా పాత మూత రబ్బరు సందుల్లోంచి ఊపిరి పీల్చుకుంటోంది. పాత మూత పాడైపోవడమే ఒక రకంగా బండిని నడిపించింది. కొత్త మూత గట్టిగా బిగిసేసరికి ఆ దారి కూడా పోయింది, ఎండలో పెరిగిన ఒత్తిడి అంతా చీలిన గ్రోమెట్ మీద, మూతి సీల్ మీద పడింది. అందుకే వాసన పెరిగింది. మూత వేసిన గ్యారేజీది తప్పు పని అనలేం, మూత మంచిదే. కానీ ఒక సీల్ బాగు చేస్తే జబ్బు ఎక్కువైందంటే ఆ వ్యవస్థలో ఇంకెక్కడో దారి మూసుకుందని అర్థం, అక్కడ ఆగి ఆలోచించాల్సింది.

ట్యాంకు నెత్తిన, నేలకి తగలకుండా పెట్టే మెత్తల కింద తడి నిలిచి తుప్పు పట్టింది. టీ25 ట్యాంకులకి చిల్లులు పడేది చాలాసార్లు ఇక్కడే, అడుగున కాదు. దీనికి పైపై తుప్పే, రేకు గట్టిగా ఉంది. చేత్తో వైరు బ్రష్ కొట్టి ఎపాక్సీ ప్రైమరు, పెయింటు వేశాను. చిల్లు పడి ఉంటే మాత్రం కొత్త ట్యాంకే. వెల్డింగ్ చేయించుకుందాం అనుకునేవాళ్లకి ఒక మాట, ఖాళీ పెట్రోల్ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం. కడిగాం అనుకున్నా మడతల్లో మిగిలిన కాసిని చుక్కలు చాలు.

హోసుల ఎంపిక, ఇథనాల్ గొడవ

బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్ అంటే ఈ10, పది శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరుకి ఇది పడదు, ముందు ఉబ్బుతుంది, మెత్తదనం కోల్పోతుంది, ఆరితే పగుళ్లిస్తుంది. పాత బండ్లకి ఐదు శాతం దాటని ఈ5 సూపర్ పెట్రోల్ కొట్టించమని నేను చెబుతాను, ధర ఎక్కువే అయినా ఏడాదికి ఈ బండ్లు తిరిగేది ఎంత. అదీ కాక పైపులు ఎలాగూ మారుస్తున్నప్పుడు ఈ10 తట్టుకునేవే వేసేస్తే టెన్షన్ లేదు. ఇండియాలో 2023 ఫిబ్రవరిలో ఈ20 మొదలైంది, అక్కడ పాత అంబాసిడరో, మారుతీ 800నో ప్రేమగా ఉంచుకున్నవాళ్లకి ఈ పేరా ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

హోసు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ముద్ర చూసి తీసుకుంటాను, అది ఫ్యూయల్ హోసుల నాణ్యతకి ఒక ప్రమాణం, దాని లోపలి పొర ఫ్లోరో రబ్బరు, ఇథనాల్‌ని తట్టుకుంటుంది, ఆవిరిని గోడల్లోంచి చెమర్చనివ్వదు. ఆర్6 లాంటి పాత రకాలు లీకు కాకపోయినా ఆవిరి వాసన గోడ గుండానే బయటికి వదులుతాయి, బ్రీదర్‌కి ఒత్తిడి లేదు కదా ఏదైనా పర్లేదు అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. ముద్ర ఉంటే సరిపోదు కూడా, ఆర్9 అని అచ్చేసిన నకిలీ హోసులు మార్కెట్లో ఉన్నాయి, ఏడాదికే పగులుతాయి. తయారీదారు పేరు, తేదీ ఉన్నవి, నమ్మకమైన చోట కొనండి. కోసి చూస్తే లోపలి పొర వేరే రంగులోనో, వేరే మెరుపుతోనో తేడాగా కనపడాలి.

ఏ సీలుకీ సిలికాన్ పూయొద్దు, పెట్రోల్‌కి అది ఉబ్బి ఊడి వస్తుంది, ముక్కలు ట్యాంకులో పడితే ఇంకో తలనొప్పి. క్లిప్పులు అంచు మడిచిన ఫ్యూయల్ రకం వాడాలి, స్క్రూతో బిగించే చవక వార్మ్ క్లిప్పుల పళ్లు హోసుని కోసేస్తాయి.

అసలు మెళకువ పైపు దారిలో ఉంది. బ్రీదర్ ట్యాంకు నుంచి డబ్బా దాకా ఎక్కుతూనే ఉండాలి, ఎక్కడా కిందికి వేలాడి పల్లం కాకూడదు. పల్లం ఉంటే మలుపుల్లో చిందిన పెట్రోల్ అక్కడ చేరి నిలుస్తుంది, కొత్త పైపు, మంచి సీలు, అయినా దారి మూసుకున్నట్టే, బంకులో నాజిల్ ఊరికే టక్కు టక్కుమని ఆగిపోతుంది. హోసు పొడవుగా కోసి "ఉంటే ఉంది" అని చుట్టి పెట్టేవాళ్లు చేసే పని ఇదే. వంపు దగ్గర నలగకుండా పెద్ద వంపు తిప్పాను, నేలకి రాసుకునే చోట మెత్తటి తొడుగు వేశాను. ట్యాంకు మీది గ్రోమెట్లు, మూతి సీల్, సెండర్ సీల్, పెట్రోల్ బయటికెళ్లే చోటి సీల్, అన్నీ మార్చేశాను, బాగున్నవి కూడా. పాడైనవే మార్చి డబ్బు మిగిల్చుదామా అని ఆయన అడిగాడు, న్యాయమైన ప్రశ్నే, కానీ ఈ సీళ్ల ధర దించి ఎక్కించే కూలితో పోలిస్తే ఏమూలకీ రాదు, పక్క ఏడాది ఇంకో సీల్ పోతే మళ్లీ ఇదే కూలి. ఎడమ డబ్బా కొత్తది వేశాను. కుడిది బాగానే ఉంది, కడిగి పెట్టాను.

బయటి కొస మళ్లీ బురద తినకుండా కొంచెం పైకి, చక్రం విసురు తగలని మూలకి తిప్పి కట్టాను. దాన్ని మూసేయడం మాత్రం ఎవరూ చేయకండి. వాసన వస్తోందని అక్కడ బిరడా కొట్టిన బండి కూడా చూశాను. అలా మూస్తే ఎండలో ఒత్తిడి, నడిచేటప్పుడు ట్యాంకులో గాలి చాలక పంపు పెట్రోల్ లాగలేక ఇంజన్ ముక్కుతుంది, మోటర్‌వే మీద ఆగిపోతుంది, కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, అప్పుడు అందరూ పంపుని తిడతారు.

ఎక్కించాక

ముందు ఖాళీ ట్యాంకుతోనే మళ్లీ పొగ. ఈసారి బయటి కొస నుంచి నిదానంగా వచ్చింది, అక్కడ వేలు పెడితే ఇంకెక్కడా రాలేదు. తర్వాత బంకుకి వెళ్లి నిండా కొట్టించి, కుడి చక్రాలు పల్లంలో ఉండేలా వంపు మీద ఎండలో నిలబెట్టాను, తర్వాత ఎడమవి. మీటరు వీల్ ఆర్చ్‌లో నిశ్శబ్దం. రౌండబౌట్ల మీద రెండు వైపులా తిప్పి, సీటు కింద నేల దగ్గర, గేరు రాడ్ తొడుగు దగ్గర, హ్యాండ్ బ్రేక్ తీగ దూరే చోట పెట్టి చూశాను. సున్నా. కొన్నాళ్లు సీటు బట్టలో, కార్పెట్‌లో పాత వాసన మిగిలే ఉంటుందని ముందే చెప్పాను, లేకపోతే మర్నాడు ఫోన్ వస్తుంది. మీటరుకి లేదు, ముక్కుకి ఉంది అంటే అది కార్పెట్టే.

ఆవిడ అడిగింది, "ఇగ ఫుల్ కొట్టించొచ్చా అన్నా?" కొట్టించండమ్మా, కానీ నాజిల్ మొదటిసారి టక్కుమన్నాక ఆపేయండి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు నొక్కులు నొక్కితే ఆ పెట్రోల్ వెళ్లేది మూతి గొట్టంలోకీ, పెరిగే లీటరు కోసం వదిలిన డబ్బాల్లోకీనే. ఎండాకాలం ప్రయాణానికి ముందు రోజు రాత్రి నింపి ఇంటి ముందు వంపులో పెట్టడం కన్నా, బయల్దేరేటప్పుడు నింపుకోవడం నయం.

ఫ్రిజ్ గ్యాస్ లైను నేను ముట్టుకోలేదు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే బ్రిటన్‌లో గ్యాస్ పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో, ఎల్పీజీ, క్యాంపర్ బండ్ల అర్హత ఉన్న మనిషిని చూసుకుని ఒకసారి పరీక్ష చేయించుకోమన్నాను, అది అయ్యేదాకా సిలిండర్ కట్టేసే ఉండాలి. పెట్రోల్ వైపు బాగయింది కదా అని గ్యాస్ వైపు కూడా బాగుందని కాదు, రెండూ ఒకే వయసువి.

ఇది చదివేవాళ్లలో టీ25 కాకుండా దానికి ముందు తరం బే విండో టీ2 ఉన్నవాళ్లకి ఒక ముక్క. మీ ట్యాంకు ముందు కాదు, వెనక గేర్‌బాక్స్ పైన, ఇంజన్‌కి ఒక రేకు అడ్డం అంతే. బ్రీదర్ ఆవిరి ఇంజన్ వేడి పక్కనే తిరుగుతుంది, కాబట్టి వాసన వస్తే మీకు ఇంకా తక్కువ టైమ్ ఉంది. 1971 దాకా వచ్చిన బండ్లలో ఆ రేకు స్క్రూలు విప్పి తీయొచ్చు, 1972 నుంచి అది బాడీకి వెల్డింగ్, ట్యాంకు బయటికి రావాలంటే ఇంజన్ దించాల్సిందే. క్లచ్ ప్లేట్ కోసమో, ఆయిల్ లీకు కోసమో ఇంజన్ దిగిన రోజున బ్రీదర్ పైపులు, ట్యాంకు నుంచి వచ్చే హోసు, మూతి గొట్టం రబ్బరు మార్చమని మెకానిక్‌కి ముందే చెప్పండి, సామాను మీరే కొని ఇచ్చినా సరే. ఇంజన్ మళ్లీ ఎక్కాక వాటికి చెయ్యి అందదు.